ఒకే పెట్రార్క్, ఇద్దరు ఆస్థానికులు: వయట్, సర్రే

ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కొలువులో రాయబారి థామస్ వయట్, ప్రభువంశీకుడు సర్రే ఇద్దరూ ఇటాలియన్ కవి పెట్రార్క్ 140వ కవితను ఇంగ్లీషులోకి తెచ్చారు. సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) పని తెలియాలంటే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

వయట్ మొదటి ఎనిమిది పాదాలను ఇటాలియన్ పద్ధతిలోనే (అ ఆ ఆ అ, రెండుసార్లు) కట్టాడు. అంటే ఒక్కో అంత్యప్రాసకు నాలుగు మాటలు కావాలి. ఇటాలియన్‌లో అవి దండిగా దొరుకుతాయి, ఇంగ్లీషులో దొరకవు. అందుకే 'హార్బర్', 'బ్యానర్', 'సఫర్' లాంటి మాటలను ఊనిక లేని చివరి అక్షరంతోనే జత కలపాల్సి వచ్చింది. ప్రాస పలచబడింది. సర్రే పాదం విడిచి పాదం ప్రాస వేసి, చివర రెండు పాదాల జంట పెట్టాడు. పది అక్షరాల నడక ఎక్కడా తడబడదు. సానెట్ రాయడం నేర్చుకునేవారికి సర్రేనే నయం.

చదవడానికైతే నా ఓటు వయట్‌కే. మూలంలో భయపడ్డ ప్రేమ గుండెలోకి పారిపోతుంది, అంతే. వయట్ దాన్ని 'గుండె అడవి'లోకి తరిమాడు. ఆ రోజుల్లో 'హార్ట్' అంటే మగ దుప్పి కూడా, కాబట్టి అక్కడ వేట కళ్లకు కడుతుంది. సర్రేలో ఆ అడవి లేదు. ముగింపులో సర్రే ప్రేమతో ముగిసే చావు తీయనిదంటాడు. వయట్ నమ్మకంగా ముగిసే బతుకు మంచిదంటాడు.

వయట్‌ను టాటెల్ 1557లో అచ్చువేసిన కవితా సంకలనంలో చదవకండి. అందులో అతని గరుకు పాదాలను చాలాచోట్ల నున్నగా చెక్కేశారు. చేతిరాత ప్రతుల పాఠమే చూడండి.