అందుబాటు ధరలో రెడ్ వైన్లు, వాటికి జోడుగా సాదా ఇంటి వంట

తక్కువ ధరకు దొరికే రెడ్ వైన్‌ను గ్లాసులో పోసి, వాసన చూసి, ఒక గుక్క తాగి మార్కులు వేస్తే దానికి న్యాయం జరగదు. భోజనంతో పాటు తాగడానికే అటువంటి వైన్‌ను తయారు చేస్తారు. అందువల్ల ప్రతి సీసానూ ఒకే పెనంలోనో ఒకే ట్రేలోనో పెద్ద శ్రమ లేకుండా పూర్తయ్యే వంటతో కలిపే పరిశీలించాను. ధర తగ్గే కొద్దీ సున్నితమైన పరిమళాలు తగ్గడం సహజం కాబట్టి వాటి కోసం వెతకలేదు. పులుపు తగినంత ఉందా, వగరు అదుపులో ఉందా, నిల్వలో పట్టే ఓక్ చెక్క వాసన ద్రాక్ష రుచిని మింగేస్తోందా అన్న మూడింటినే చూశాను. వీటిలోనూ పులుపుకే ఎక్కువ విలువ ఇచ్చాను, ఎందుకంటే చవక వైన్ భోజనం ముందు నిలబడటమూ, రెండో గ్లాసుకే మొహం మొత్తడమూ చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ లెక్కన అన్నింటికంటే ముందు నిలిచింది ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతంలో మోంటెపుల్చానో అనే ద్రాక్షతో చేసే వైన్. కొనేటప్పుడు లేబుల్‌ను కాస్త నిదానంగా చదవాలి, ఎందుకంటే మోంటెపుల్చానో అనే ఊరు టస్కనీలో వేరే ఉంది, ఆ ఊరి పేరుతో వచ్చే ‘వీనో నోబిలె’ను ప్రధానంగా సాంజొవేసె ద్రాక్షతో చేస్తారు, దాని ధర కూడా సాధారణంగా ఎక్కువే. మనకు కావలసిన సీసా మీద ‘మోంటెపుల్చానో డబ్రుజ్జో’ అని ఉంటుంది. 1968లో అధికారిక గుర్తింపు పొందిన ఈ వైన్‌లో కనీసం 85 శాతం మోంటెపుల్చానో ద్రాక్షే ఉండాలన్నది నియమం. రంగు చిక్కగా, దాదాపు నల్లగా కనిపించినా నోటికి అంత బరువుగా ఉండదు.

దీనికి టమాటా సాస్ కలిపిన పాస్తాను మించిన జోడీ నాకు కనబడలేదు. ఆలివ్ నూనెలో వెల్లుల్లి రేకలను రంగు మారకముందే మెత్తబరచి, మగ్గిన టమాటాలు వేసి, ఉప్పు చల్లి, అంచుల వెంట నూనె ఎర్రగా తేలేదాకా సన్నని సెగ మీద ఉంచితే సాస్ సిద్ధమవుతుంది. టమాటా పులుపు ముందు పులుపు తక్కువైన వైన్ చప్పబడిపోతుంది. ఈ వైన్‌కు ఆ ఇబ్బంది లేదు. భోజనానికి ముందు తాగిన మొదటి గుక్కలో వగరు చిగుళ్లకు పట్టి, నాలుక గరుకుగా అనిపించింది. పాస్తా మీద తురిమిన గట్టి చీజ్‌ను దండిగా వేసుకుని రెండు ముద్దలు తిన్నాక అదే వైన్ ఎంతో మెత్తగా మారింది. వైన్‌లోని టానిన్లనే పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని నోటిలోని జారుడుతనాన్ని లాగేసుకోవడమే వగరుకు కారణం. చీజ్‌లోని కొవ్వు, ప్రొటీన్, ఉప్పు ఆ పట్టును సడలిస్తాయి. చీజ్ లేకుండా తిన్నప్పుడు ఈ జోడీ బాగానే ఉంది కానీ, అంత గొప్పగా మాత్రం లేదు.

ఫ్రాన్స్‌కు చెందిన కోట్ డ్యు రోన్ రెండో స్థానంలో ఉంది. గ్రెనాష్ ద్రాక్ష ప్రధానంగా, సిరా, ముర్వెద్ర్ తోడుగా చేసే ఈ వైన్‌కు 1937 నుంచి అధికారిక హోదా ఉంది. ఉల్లిపాయ ముక్కల మీద కోడి తొడలను పరిచి, ఉప్పు, మిరియాల పొడి చల్లి ఓవెన్‌లో కాలిస్తే, ఆ మిరియాల ఘాటు వైన్‌లో సిరా వల్ల వచ్చే ఘాటుతో చక్కగా కలిసిపోతుంది. అయితే ఈ వైన్లలో ఆల్కహాల్ తరచుగా 14 శాతం దాకా ఉంటుంది కాబట్టి, వెచ్చగా పోస్తే ద్రాక్ష వాసన కంటే ముందు ఆల్కహాలే ముక్కుకు కొడుతుంది. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాటను పట్టుకుని వేడి గదిలో ఉంచిన సీసాను అలాగే తెరిస్తే మంచి వైన్ కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. ముందుగా అరగంట సేపు ఫ్రిజ్‌లో పెట్టి, 16 డిగ్రీల దరిదాపుల్లో పోసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక మాల్బెక్. ఫ్రాన్స్‌లోని కాఓర్ ప్రాంతంలో పేరుపడిన ఈ ద్రాక్షను 1853లో ఫ్రెంచ్ వ్యవసాయ నిపుణుడు మిషెల్ పుజే అర్జెంటీనాకు తీసుకువెళ్లాడు; నేడు ఆండీస్ పర్వత పాదాల దగ్గరి మెండోసాయే దానికి ప్రధాన స్థావరం. ఇందులో మంచి సీసాలు లేకపోలేదు కానీ, చవక శ్రేణిలో దీనికి ఉన్న పేరు దాని యోగ్యతకు మించినదని నా అభిప్రాయం. నేను తెరిచిన సీసాలో వెనిలా వాసన, తీపి భ్రమ తప్ప ద్రాక్ష జాడ పెద్దగా లేదు. ఓక్ పీపాలు ఖరీదైనవి కాబట్టి చవక వైన్లలో వాటికి బదులు ఓక్ చెక్క ముక్కలను నానబెట్టడం మామూలే. యూరోపియన్ యూనియన్ కూడా 2006లో దీనికి అనుమతి ఇచ్చింది. తప్పు పద్ధతిది కాదు, మోతాదుది. వెన్నలో వేయించిన పుట్టగొడుగులతో ఈ వైన్ మరింత చేదెక్కింది. ఉప్పు కాస్త పెంచి నిమ్మరసం పిండాక తాగదగ్గ స్థితికి వచ్చింది కానీ, వైన్ కోసం వంటను సరిదిద్దుకోవలసి రావడం నాకు నచ్చలేదు.

చిలీ దేశపు కార్మెనేర్‌కు చరిత్ర ఆసక్తికరమైనది: దశాబ్దాల పాటు మెర్లో అనే మరో ద్రాక్షగా భావించి పెంచిన తీగల్లో చాలా భాగం కార్మెనేర్ అని 1994లో ఫ్రెంచ్ నిపుణుడు జాఁ-మిషెల్ బూర్సికో గుర్తించాడు. దీనిలోని పచ్చి క్యాప్సికం వాసన పైరజీన్లనే పదార్థాల వల్ల వస్తుంది. చాలామంది దాన్ని లోపంగా చూస్తారు; కాల్చి పొట్టు తీసిన క్యాప్సికం, ఉడికిన బీన్స్ పక్కన పెడితే మాత్రం అదే దీని సొగసు.

గమే ద్రాక్షతో చేసే ఫ్రెంచ్ వైన్ బోజొలేను చివరకు ఉంచినా, కారం వేసిన వంటకు నేను ముందుగా చేయి చాపేది దీనికే. ఆల్కహాల్ మిరప మంటను పెంచుతుంది, ఆ మంట మీద వగరు మరీ గరుకుగా తగులుతుంది. బోజొలేలో రెండూ తక్కువే. చిదమని ద్రాక్ష గుత్తులను కార్బన్ డయాక్సైడ్ నిండిన తొట్టెలో పులియబెట్టే పద్ధతి వల్ల వగరు పెద్దగా దిగకుండానే పండు వాసన నిలుస్తుంది. ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంత ప్రభువు ఫిలిప్ 1395లో తన ప్రాంతం నుంచి గమే తీగలను పీకించమని ఆజ్ఞాపించాడంటే ఈ ద్రాక్ష మీద పెద్దల చిన్నచూపు ఎంత పాతదో అర్థమవుతుంది. పచ్చిమిర్చి వేసిన ఆమ్లెట్‌తో, 13 డిగ్రీల చల్లదనంలో, నాకు ఏ లోటూ కనబడలేదు. నవంబరు మూడో గురువారం విడుదలయ్యే ‘నూవో’ అనే కొత్త పంట వైన్ కంటే, మామూలు బోజొలేనో, ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే ‘బోజొలే-విలాజ్’నో కొనుక్కోవడం మేలు.

మిగిలిన వైన్‌ను గట్టిగా మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే ఇంకో రెండు మూడు రోజులు తాగడానికి పనికి వస్తుంది. ఆ తరువాత వేయించిన ఉల్లిపాయల్లో పోసి సగానికి ఇగిరేదాకా మరిగిస్తే మాంసానికో పప్పుధాన్యాలకో మంచి పులుసు అవుతుంది. అయితే పూత లేని అల్యూమినియం గిన్నె వాడకూడదు, ఆల్కహాల్ మొత్తం ఆవిరైపోతుందనీ అనుకోకూడదు. ఇగిరే కొద్దీ పులుపూ వగరూ చిక్కబడతాయి కాబట్టి వినెగర్ వాసన పట్టిన సీసాను వంటలోకి కూడా తీసుకోకుండా పారబోయడమే మంచిది.