పొగతోటలో ఆరు రోజులు: వైద్యానికి ఐదు స్టార్లు, రాత్రిళ్లకి ఒకటి

నాయనకి 78 ఏళ్లు. నిమ్ము చేసి ఆయాసం ఎక్కువైతే కోవూరు దగ్గర మా ఊరి నుంచి తీసుకొచ్చి నెల్లూరు పొగతోటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. పేరు రాయను, రాత్రిపూట తికమకపడిన పెద్దవాళ్లని మంచానికి కట్టేసే ఈ తప్పు ఆ ఒక్కచోటే జరుగుతుందని నేను అనుకోవడం లేదు. ముందు మంచి చెప్తా. వెళ్లిన పది నిమిషాల్లో ఆక్సిజన్ పెట్టారు, పెద్ద డాక్టరు రెండు పూటలా వచ్చి చూశారు, మూడో రోజుకి జ్వరం దిగింది. బిల్లు కూడా ముందు చెప్పినంతే.

రెండో రాత్రి ఒంటిగంటప్పుడు నాయన లేచి కూర్చుని, "కాలవకి నీళ్లొదిలారు, మడవ తిప్పాల, నా పార యాడ పెట్టారు" అంటూ సెలైన్ పైపు పీకబోయాడు. నన్ను చూసి "ఎవురమ్మా నువ్వు" అన్నాడు, కన్నకూతుర్ని. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డ్యూటీలో ఉన్నవాళ్లు వచ్చి, ముసలాళ్లకి చాదస్తం మామూలేనమ్మా అని, బ్యాండేజీ గుడ్డతో చేతులు రెండూ మంచం ఊచలకి కట్టేసి, మత్తు ఇంజెక్షన్ చేసి వెళ్లిపోయారు. పొద్దున విప్పితే ఆ మణికట్ల చుట్టూ ఎర్రగా కందిపోయింది.

అది చాదస్తం కాదు. చేర్చిన రోజు పొద్దున దాకా కౌలు లెక్కలన్నీ నోటితో చెప్పిన మనిషికి ఒక్క రాత్రిలో చాదస్తం రాదు. డెలీరియం అంటారు, మన పెద్దవాళ్లు సన్నిపాతం అనేవాళ్లు. ఇన్‌ఫెక్షన్, నిద్రలేమి, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్త మందులు అన్నీ కలిసి వయసు మీరిన మెదడుని తికమక పెడతాయి. దీనిమీదే ఏళ్లతరబడి పనిచేసిన షారన్ ఇనూయి అనే అమెరికా డాక్టరు 1996లోనే, ఆసుపత్రిలో దీన్ని తెచ్చిపెట్టేవాటిలో రోగిని కట్టేయడం, యూరిన్ పైపు వేయడం కూడా ఉన్నాయని చూపించారు. నాయనకి రెండూ చేశారు. పైపు ఎందుకని అడిగితే బాత్రూముకి తీసుకెళ్లే మనిషి లేడన్నారు, అందుకు మాత్రం నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, అడిగుంటే నేనే తీసుకెళ్లేదాన్ని కదా!

మూడో రాత్రి వేరే సిస్టర్ వచ్చింది, చిన్నపిల్ల. రాగానే "తాతకి కళ్లజోడు లేదా అక్కా?" అంది. కళ్లజోడు, చెవి మిషన్ రెండూ నా బ్యాగులోనే ఉన్నాయి, పోతాయని చేర్చేటప్పుడే తీసేయమన్నారు. తనే పెట్టింది. నెత్తిమీద ట్యూబులైటు ఆపింది, గంటకోసారి చెంచాతో నీళ్లు తాగించింది, పక్కకి వచ్చినప్పుడల్లా "తాతా, ఇది నెల్లూరు, ఆసుపత్రి, ఈరోజు బుధవారం" అని చెప్పింది. తెల్లారి డాక్టరుకి చెప్పి పైపు తీయించింది. నాలుగో రోజు భుజం పట్టుకుని వరండా చివరిదాకా నడిపించాం. ఆ సాయంత్రం నాయన "పాపా, నువ్వు అన్నం తిన్నావా" అన్నాడు.

ఆ పిల్ల చేసిందంతా 1999లో యేల్ ఆసుపత్రిలో ఇనూయి బృందం 70 దాటిన 852 మందిపై చేసిన అధ్యయనంలో ఉంది. మామూలుగా చూసినవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, కళ్లజోడు, చెవి మిషన్, నీళ్లు, నడక, నిద్ర, మాట్లాడించడం వీటిమీద శ్రద్ధ పెట్టినచోట 9.9 శాతానికి తగ్గింది. దీనికి మిషన్లేం కొనక్కర్లేదు, చూసుకునే మనిషి కావాలి. ఒకరి డ్యూటీని బట్టి కాకుండా వార్డు మొత్తానికి ఇదే పద్ధతి పెట్టండని మేనేజ్‌మెంట్‌కి రాసిచ్చాను.

డిశ్చార్జి కాగితంలో ఆ రాత్రి గురించి ఒక్క ముక్క లేదు. కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడి డాక్టరుచేత రాయించుకున్నా. డెలీరియం ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, రేపు ఎక్కడ చేర్చినా అక్కడి వాళ్లకి ముందే తెలియాలి.