చూలు కుందేలుకు ఏది మేలు: కేజా, గది మూలా?

"కుందేలు కడుపుతో ఉన్నట్టుంది. కేజ్‌లోనే ఉంచాలా, ఇంట్లో వదలాలా?" ఈమధ్య హన్మకొండ, కాజీపేట వైపు నుంచి నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. చాలావరకు కథ ఒకటే: "రెండూ ఆడవే" అని అమ్మినవాడు చెప్పాడు, ఇంటికొచ్చాక వాటిలో ఒకటి మగదని తేలింది. మా ఇంట్లోనూ మొన్ననే ఒకటి ఈనింది. దానికి నేను గది మూలనే ఎంచుకున్నాను. అలాగని కేజ్ పనికిరాదని అనను.

కేజ్‌తో సుఖాలు తెలిసినవే. పిల్లులు రావు, పెంట కిందికి పడిపోతుంది, మగదాన్ని విడిగా ఉంచడం తేలిక. అద్దె ఇల్లయితే ఓనర్‌తో మాట పడక్కర్లేదు. అడుగు తీగలదైతే తల్లి పాదాలు పుండ్లు పడతాయి, పిల్లల కాళ్లు సందుల్లో ఇరుక్కుంటాయి. కానీ ఒక చెక్క పలక వేస్తే ఆ బాధ తీరుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. కేజ్‌ను ఎక్కడికంటే అక్కడికి జరపొచ్చు. అందరూ దాన్ని సుఖం అనుకుంటారు, నా లెక్కలో దాని పెద్ద లోపం అదే.

మన దగ్గర మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. కుందేలుకు 30 దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. మనలాగా చెమట పట్టదు, వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి. దాంతో ఏం చేస్తాం? మధ్యాహ్నం కేజ్ ఎత్తి కూలర్ ముందు పెడతాం, సాయంత్రం బాల్కనీలోకి తెస్తాం, గాలిదుమారం లేస్తే మళ్లీ లోపలికి. చుట్టాలొస్తే వంటింటి పక్కకు. ఎత్తిన ప్రతిసారీ కాళ్ల కింద నేల ఊగుతుంది, చుట్టూ వాసన మారుతుంది. చివరి వారంలో ఆ కుందేలు చేసే పని ఒక్కటే: ఈనడానికి చోటు చూసుకోవడం. చోటు కుదరకపోతే గూడు సగంలో వదిలేసి పిల్లల్ని తలా ఒక మూల వేసే కుందేళ్లు ఉన్నాయి. బెదిరితే గూట్లోకి దూకి పిల్లల్ని తొక్కేస్తాయి కూడా. మేత, మందుల కంటే నేను చోటు కదలకపోవడాన్నే ముందు చూసేది అందుకే.

గది మూలయితే కదిలించే వీలే ఉండదు. కింది అంతస్తులో మనుషుల రాకపోకలు తక్కువున్న గది, లేదా మెట్ల కింద చోటు చాలు. గోడలు లేని వైపులా జాలీ నిలబెట్టి, టైల్స్ మీద జారకుండా గోనె సంచి పరచాలి. టీవీ, మిక్సీ దగ్గర వద్దు. మాది సామాన్ల గది. మగదానితో కలిసిన 28వ రోజున ఈనడానికి పెట్టె పెట్టి పక్కన వరిగడ్డి వేశాను. కాసేపు వాసన చూసింది, ఆ తర్వాత గడ్డి పోచలు మీసాల్లా నోట అడ్డంగా పట్టుకుని పెట్టెలోకి మోయడం మొదలుపెట్టింది. రొమ్ము కింది వెంట్రుకలు పీకి పైన పరిచింది. మేం దాని జోలికి పోలేదు.

గది మూలకూ తిప్పలున్నాయి. వాసన వస్తుంది, అందిన ప్రతి కరెంటు వైరునూ కొరుకుతుంది, పిల్లలు పాలు మానే దాకా, అంటే మరో ఆరేడు వారాలు, ఆ చోటు మీది కాదు. ఎర్రచీమలు రాకుండా రోజూ చూసుకోవాలి. ఇంకొకటి: పాలు తాగుతూ చన్ను వదలని పిల్ల తల్లి వెంట బయటికి వచ్చేస్తుంది. పిల్లిలాగా కుందేలు దాన్ని నోట కరుచుకుని లోపల పెట్టదు. ఒంటి మీద వెంట్రుకైనా లేని పిల్ల చలికాలం టైల్స్ మీద ఎక్కువసేపు బతకదు. అందుకే పెట్టె గడప ఆరంగుళాలు ఉండాలి, పొద్దునా సాయంత్రం ఒకసారి చుట్టూ చూడాలి. ఈ ఒక్క విషయంలో కేజే నయం, పిల్ల దూరం పోవడానికి వీలుండదు.

డాబా మీద రేకుల షెడ్డు సంగతి అడక్కండి. కింద ఎండ, పైన కోతులు. కోళ్ల గూడు కూడా అంతే.

పెట్టె చెక్కదైతే మంచిది, అట్టపెట్టె తడిసి నాని పోతుంది. తల్లి లోపల తిరగగలిగితే చాలు, మరీ పెద్దదైతే పిల్లలు చెదిరిపోతాయి. వరంగల్ వాళ్లకు పత్తికి కొదవ లేదు కదా అని గూట్లో దూది మాత్రం వేయకండి. ఆ పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తాయి. పెట్టె మరీ ముందే పెడితే దాన్ని మరుగుదొడ్డి చేసుకుంటుంది.

ఇంట్లో పాకే పిల్లలో, కుక్కో ఉంటే కేజే పెట్టుకోండి. కానీ చోటు ఇప్పుడే తేల్చుకుని ఇక ఎత్తకండి. కేజ్‌ను కూలర్ దగ్గరికి కాదు, కూలర్‌నే కేజ్ ఉన్న గదికి తెండి, గాలి సూటిగా తగలనివ్వకండి. గడ్డకట్టిన నీళ్ల సీసాకు బట్ట చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది.

ఈనాక తల్లి పిల్లల దగ్గర కూర్చోవడం లేదని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. రోజుకు ఒకటి రెండు సార్లు, కొద్ది నిమిషాలే పాలిస్తుంది, అదీ ఎక్కువగా రాత్రిపూట. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే తాగినట్టే. ఆవుపాలు పట్టొద్దు. మగదాన్ని మాత్రం ఈనకముందే వేరే గదిలోకి మార్చండి, లేకపోతే ఈనిన రోజే మళ్లీ చూలు నిలవొచ్చు. మగదానితో కలిసిన రోజు నుంచి మామూలుగా 31 రోజులకు ఈనుతుంది. 33 దాటినా ఈనకపోతే, లేదా నొప్పులు పడుతూ పిల్ల రాకపోతే, ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి. అప్పుడు మాత్రం కదిలించక తప్పదు.