తాన్‌సేన్‌లో ఆదివారం చర్చికి తాళం

ఆ లాడ్జి ఓనరు ఒక్క ముక్క నిజం చెప్పి ఉంటే మాకు 2,400 నేపాలీ రూపాయలు మిగిలేవి. మన డబ్బుల్లో 1,500.

మా అత్తయ్య మన దగ్గర ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. నేపాల్ అనగానే అందరూ పశుపతినాథ్, ముక్తినాథ్ అంటారు. ఆవిడ మాత్రం అక్కడి కొండల్లో ఉన్న తాన్‌సేన్ ఊరి మిషన్ ఆస్పత్రి చూడాలన్నారు. గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలి దగ్గర బోర్డరు దాటి బుట్వల్ మీదుగా బస్సు. ఘాట్ రోడ్డులో మా ఆవిడకి వాంతులు. శుక్రవారం రాత్రికి చేరాం.

లాడ్జి బయట '24 గంటలూ వేడినీళ్ళు' అని బోర్డు. లోపలికెళ్ళాక తెలిసింది, సోలార్ అట. డిసెంబర్ మంచులో సోలారేం కాగుతుంది? బకెట్టు వేడినీళ్ళకి 100. దుప్పట్లు ముక్కిపోయిన వాసన. మా ఆవిడ రాత్రంతా స్వెటరు మీద శాలువా కప్పుకుని నన్ను తిడుతూనే ఉంది. అయినా ఆదివారం ఆరాధన అయ్యాకే కదులుదామన్నారు అత్తయ్య. "ఆదివారం చర్చి ఉంటుందా?" అని ఓనర్ని హిందీలో అడిగాను. "ఎందుకుండదు!" అని ఇంకో రాత్రి రాసేసుకున్నాడు. శనివారం జీపు మాట్లాడుకుని కాళీగండకి ఒడ్డున రాణీమహల్ చూసొచ్చాం. బజార్లో బ్యాంకుకి తాళం చూసైనా నాకు వెలగాల్సింది.

ఆదివారం పొద్దున అత్తయ్య తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని ఆ నిలువు మెట్లన్నీ ఎక్కారు. చర్చికి తాళం. పిల్లలేమో యూనిఫాంలో స్కూలుకి పోతున్నారు! మేం వెళ్ళినప్పుడు నేపాల్లో వారాంతపు సెలవు శనివారం, ఆరాధనా ఆ రోజే. మేం రాణీమహల్లో ఫొటోలు దిగుతున్నప్పుడు ఇక్కడ ప్రార్థన అయిపోయింది. అత్తయ్య అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు.

టీకొట్టావిడ ఎవరికో ఫోన్ చేస్తే ఒక పెద్దాయన తాళంచెవితో వచ్చాడు. "జయమసీ, ఆమా" అని దండం పెట్టాడు. లోపల కుర్చీల్లేవు, తివాచీలే. చెప్పులు బయటే. మూల ఒక మాదల్ డోలు. అత్తయ్య ఒక తెలుగు కీర్తన పాడితే ఆయన భాష తెలియకపోయినా డోలు వాయించాడు. తర్వాత ఆవిడ సంచీలోంచి హిందీ కరపత్రాలు తీయబోతే గబుక్కున చెయ్యి అడ్డుపెట్టాడు. నేపాల్ లౌకిక రాజ్యమైనా, మతం మార్పించడం నేరమని చెప్పాడు: ఐదేళ్ళ దాకా జైలు, 50,000 దాకా జరిమానా, విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. 1990కి ముందైతే మతం మారినవాళ్ళకే ఏడాది జైలట. ఇది విన్నాక సునౌలి దాటేదాకా నాకు ఆ సంచీ గురించే టెన్షన్.

ఆస్పత్రి మాత్రం ఆదివారం కిటకిటలాడుతోంది. 1951-52 చలికాలంలో పక్షుల నమూనాల కోసం వచ్చిన అమెరికన్ మిషనరీ రాబర్ట్ ఫ్లెమింగ్ బృందంలోని డాక్టర్లు ఈ ఊళ్ళోనే రోగుల్ని చూశారు. ఆ తర్వాతే, మత ప్రచారం చేయకూడదన్న షరతు మీద, 1954లో ఈ ఆస్పత్రి పెట్టిన సంస్థ యునైటెడ్ మిషన్ టు నేపాల్ మొదలైంది. అత్తయ్య ఓపీ వరండాలో గంటసేపు నిలబడి, నర్సులు డ్రెస్సింగ్ ట్రే ఎలా సర్దుతున్నారో చూశారు. "మేమూ ఇలాగే సర్దేవాళ్ళం బాబూ" అన్నారు. మెట్ల మీద పోయిన మొహం అప్పటికి తిరిగొచ్చింది.

మధ్యాహ్నం చుకౌనీ తిన్నాం. ఉడకబెట్టిన బంగాళాదుంపలు, పెరుగు, ఉల్లిపాయ, పైన మెంతుల తాలింపు. అచ్చం మన పెరుగుపచ్చడే. ముగ్గురికీ భోజనం 750. ఈ ట్రిప్పులో మా ఆవిడ మెచ్చుకున్నది ఇదొక్కటే.

లాడ్జివాడితో గొడవ పడితే రెండు బకెట్ల డబ్బు తగ్గించాడు. ఆరాధన కోసం వెళ్ళేవాళ్ళు శుక్రవారం రాత్రికే చేరండి, శనివారం మధ్యాహ్నమే బస్సెక్కేయండి.