ఏడేళ్ల అల్‌డ్రాప్: కోతికీ అమ్మకీ మధ్య ఒక గడియ

మాది తిరుపతిలో కపిలతీర్థానికి దగ్గరి వీధి. ఇక్కడ గడియ కొనేటప్పుడు దొంగ కన్నా ముందు కోతి గుర్తుకొస్తుంది. కొండ వాలు నుంచి దిగిన గుంపు గోడల మీదుగా వస్తుంది కాబట్టి గేటుకు ఎంత గట్టి తాళం వేసినా వాటికి లెక్కలేదు. అసలు పరీక్షంతా పెరటి వైపున్న జాలీ తలుపుదే. ఎండాకాలంలో చెక్క తలుపు తీసి, గాలి కోసం దాన్నొక్కటే వేసుకుంటాం.

మొదట ఆ తలుపుకు బయటి వైపు మామూలు టవర్ బోల్టు ఉండేది. అమ్మ వడియాలు ఎండబెట్టడానికి మేడ మీదికి వెళుతూ దాన్ని పెట్టి వెళ్లేది. ఒకరోజు కోతి ఆ తలుపు పట్టుకుని గట్టిగా ఊపింది. ఊపిన కొద్దీ బోల్టు తనే పక్కకు జారింది. కొండ మీద నుంచి బంధువులు తెచ్చి ఇచ్చిన లడ్డూలు వంటింట్లో ఉన్నాయి. మేం ఒక్క పలుకైనా నోట్లో వేసుకోకముందే ప్రసాదం ఎవరికి ప్రాప్తమో వారికి చేరిపోయింది.

2018 వేసవిలో దాని స్థానంలో అల్‌డ్రాప్ బిగించాం. తలుపుకు అడ్డంగా జారే లావు ఇనుప ఊచ, దాని నుంచి వేలాడే పట్టీ, ఆ పట్టీ తగులుకునే కొక్కెం, ఇంతే దాని ఆకారం. నాకు నచ్చిందల్లా ఒక్కటే గుణం: అది తెరుచుకోవాలంటే రెండు పనులు ఒకేసారి చేయాలి. కొక్కేనికి తగులుకున్న పట్టీని పైకి లేపాలి, లేపిన పట్టు వదలకుండా ఊచను పక్కకు లాగాలి. తలుపును ఎంత ఊపినా పట్టీ తన బరువుకు తానే కిందికి వాలి కొక్కేన్ని పట్టుకునే ఉంటుంది. కోతి ఊపుతుంది, లాగుతుంది, విసుగొచ్చి పక్కింటికి వెళుతుంది. ఆ దృశ్యాన్ని కిటికీలోంచి చూస్తూ నేను పొందిన ఆనందం ఇంకే ఇనుప వస్తువూ నాకు ఇవ్వలేదు. వీధిలో కనీసం నాలుగిళ్ల వాళ్లకు ఇదే కొనమని చెప్పాను.

బిగించేటప్పుడు ఒక పొరపాటు జరిగింది. వడ్రంగి పొట్టి స్క్రూలు వేశాడు. ఏడాది తిరగకుండానే అవి చెక్కలో వదులైపోయాయి. రెండోసారి తలుపు మందం అంతా దాటే బోల్టులు వేయించి, లోపలి వైపు నట్టు బిగించాం. బయటికి కనబడేది నున్నటి గుండ్రటి తల మాత్రమే, స్క్రూడ్రైవరుకు పట్టు దొరకదు. గడియ ఎంత లావుదైనా దాన్ని పట్టుకున్న స్క్రూలు అర అంగుళానివైతే ఉపయోగం లేదని అప్పుడు తెలిసింది. కొబ్బరినూనె పూయడం కూడా నా తప్పే. నూనెకు దుమ్ము పట్టి ఊచ మరింత బిగుసుకుంది. ఇప్పుడు పెన్సిలు ములుకు గీరిన పొడి రాస్తున్నాను, హాయిగా జారుతోంది.

ఇక అసలు సంగతి. 2021 నవంబరు వానలను తిరుపతి వాళ్లకు గుర్తు చేయనక్కరలేదు. ఆ రోజు మా వీధిలో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. పక్కింటి వాళ్ల బియ్యం మూటలు పైకెత్తడానికి పెరటి దారిన వెళ్లాను. వెళుతూ వెళుతూ, మూడేళ్ల అలవాటు కదా, చేయి తనంతట తానే అల్‌డ్రాప్ వేసేసింది. లోపల అమ్మ ఒక్కతే ఉంది.

కరెంటు పోయింది. ముందు తలుపు వేప చెక్కది. రెండు రోజుల వానకు ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుపోయింది. అమ్మ బలానికి అది కదల్లేదు. జాలీ సన్నది, వేలు కూడా దూరదు, కాబట్టి బయటి గడియ చేతికందే మార్గం లేదు. వాన హోరులో ఆమె కేక నాకు వినబడలేదు. గంటన్నర తరువాత నేను వచ్చేసరికి అమ్మ కూరగాయల కత్తితో జాలీని ఒక మూల కోస్తోంది. నన్ను చూసి కత్తి దించి, "కోతులను బయట ఉంచరా నాయనా అంటే నన్ను లోపల ఉంచావు" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. కోసిన ఆ మూలను తీగతో కుట్టాం, ఇప్పటికీ కనబడుతుంది.

ముందు తలుపును వెంటనే చిత్రిక పట్టమన్నాను. వడ్రంగి ఒప్పుకోలేదు. "ఉబ్బినప్పుడు చెక్క తీస్తే ఎండలకు సందు పడుతుంది సార్, సంక్రాంతి దాటనివ్వండి" అన్నాడు. అతను చెప్పినట్టే ఫిబ్రవరిలో పట్టించాం. ఆ తరువాతి వానల్లో తలుపు ఒకసారి కూడా మొండికేయలేదు. అల్‌డ్రాప్‌ను పీకేద్దామా అని కూడా అనుకున్నాను. చివరికి ఇంట్లో మనిషి ఉంటే బయటి గడియ వేయకూడదని నియమం పెట్టుకుని ఊరుకున్నాను. లోపలి వైపు చిన్న బోల్టు చాలు.

కోతి తీయలేదని నలుగురికీ చెప్పానన్నాను కదా, ఆ మాటను కొంచెం సవరించుకోవాలి. నిరుడు ఒక పెద్ద మగకోతి లోపలికి వచ్చింది. పట్టీ సరిగ్గా వాలకుండా నేనే వదిలేశానో, అది చూసి నేర్చుకుందో తేల్చుకోలేకపోయాను. అప్పటి నుంచి కొక్కెంలో తమిళనాడులోని దిండిగల్‌లో చేసిన మా తాతగారి బీగం ఒకటి, తాళం తిప్పకుండా, ఊరికే తగిలించి వెళుతున్నాను. 2019లో దిండిగల్ తాళాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివి అట్టపెట్టెలోంచి బయటికి తీసిన బీగం అది. పాపం, దానికి దొరికిన ఉద్యోగం ఇది.

కొండ పక్క వీధిలో ఉండి, వేళ్లలో సత్తువ ఉన్నవాళ్లయితే దీన్ని తీసుకోవచ్చు. మే నెల మధ్యాహ్నం ఆ ఊచను పట్టుకోవడానికి గుడ్డ కావాలి. ఇంట్లో వేళ్ల కీళ్లు నొప్పులున్న పెద్దవాళ్లుంటే లావు ఊచ జోలికి వెళ్లకండి. మాది పదహారు మిల్లీమీటర్లది, ఇంత లావు అక్కరలేదని ఇప్పుడు అనిపిస్తోంది. అమ్మ అయితే ఈ మధ్య దాన్ని ముట్టుకోవడమే మానేసింది. మేడ మీదికి వెళ్లే ముందు అరటిపండ్లు ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు ఊరికే దగ్గరికి వేసి వెళుతుంది.