మధ్యయుగపు హారర్ కథకు ఏది మేలు: ప్లేగా, లేచొచ్చే శవమా?

మధ్యయుగపు ఐరోపాలో జరిగే హారర్ కథ రాద్దామని కూర్చుంటే ముందుగా తట్టేవి రెండు: 1348 నాటి ప్లేగు, లేదా సమాధిలోంచి లేచి ఊళ్లోకి వచ్చే శవం. మంత్రగత్తెల వేట కూడా చాలామందికి గుర్తొస్తుంది గానీ, అది ఉధృతంగా సాగింది 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదట్లో. అప్పటికి మధ్యయుగం అయిపోయింది. అందుకే దాన్ని పక్కన పెడుతున్నాను.

నాలుగైదు పేజీల చిన్న కథకైతే శవమే మేలు. ప్లేగులో భయం లేదని కాదు, ఉన్న భయం చిన్న కథలో పట్టదు. 1347 అక్టోబరులో జెనోవా ఓడలతో పాటు సిసిలీలోని మెస్సీనా రేవుకు చేరిన ఆ రోగం, మరుసటి వేసవికి ఇంగ్లండులో అడుగుపెట్టింది. కొన్నేళ్లలోనే ఐరోపా జనాభాలో కనీసం మూడో వంతును మింగేసింది. అంత చావు ముందు ఒక పాత్ర చేయగలిగింది ఏముంటుంది? మంచివాడు, చెడ్డవాడు అని చూడకుండా రోగం అందరినీ తీసుకుపోతుంది. ఎవరి తప్పుకూ దానితో లెక్క లేదు. దాంతో రాసేవాళ్లు చంకలో గడ్డలు, చీము, శవాల బండ్లు వర్ణిస్తూ పోతారు. రెండో పేజీకల్లా చదివేవాళ్లకు అవి అలవాటైపోతాయి.

ప్లేగే రాయాలని పట్టుదల ఉంటే మాత్రం జాన్ క్లిన్ దారి పట్టండి. ఈయన ఐర్లండులోని కిల్కెన్నీలో ఉన్న ఫ్రాన్సిస్కన్ సన్యాసి. చుట్టూ అందరూ పోతుంటే, తన చావు కోసం ఎదురుచూస్తూ తెలిసిందంతా రాసిపెట్టాడు. ఎవరైనా బతికి బట్టకడితే ఈ పని కొనసాగించడానికి పనికొస్తుందని ఖాళీ తోలుకాగితం కూడా వదిలాడు. ఆ తర్వాత వేరే చేతిరాతలో ఒక మాట ఉంది: రాసినాయన ఇక్కడ చనిపోయినట్టుంది అని. ఒక మనిషి, కొంత ఖాళీ కాగితం. చిన్న కథకు ప్లేగు ఇంత చాలు.

శవం సంగతి వేరు. అది ఫలానా మనిషి శవం. దానికి ఇల్లుంది, పెళ్లాం ఉంది, తీరని లెక్క ఉంది. తీరని కోరికతో తిరిగే దయ్యాల కథలు వింటూ పెరిగిన మన పాఠకులకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. 1190లలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో చరిత్ర రాసిన విలియం ఆఫ్ న్యూబర్గ్ ఇలాంటివి కొన్ని నమోదు చేశాడు. బకింగ్‌హామ్‌షైర్‌లో చనిపోయిన ఒకడు రాత్రి వచ్చి భార్య మీద పడి, తన బరువుతో ఆమెను దాదాపు నలిపేశాడు. శవాన్ని తగలబెడితేనే పీడ విరగడవుతుందని కొందరన్నారు. లింకన్ బిషప్ హ్యూ మాత్రం ఒప్పుకోలేదు. పాపక్షమాపణ పత్రం రాసిచ్చి, సమాధి తెరిచి దాన్ని శవం గుండెల మీద పెట్టమన్నాడు. ఆ తర్వాత వాడు మళ్లీ రాలేదట. తగలబెట్టాలా, క్షమించాలా? కథ నడిచేది ఇలాంటి ప్రశ్న మీదే. ప్లేగు మనకు ఈ ప్రశ్న ఇవ్వదు.

అప్పటివాళ్లు దీన్ని ఎంతగా నమ్మారో చెప్పే ఎముకలు కూడా దొరికాయి. యార్క్‌షైర్‌లోనే వారమ్ పెర్సీ అనే పాడుబడ్డ ఊళ్లో కనీసం పది మందికి చెందిన 137 ఎముకల మీద కత్తిగాట్లు, కాలిన గుర్తులు ఉన్నాయి. చచ్చినవాళ్లు లేచి రాకుండా శవాలను నరికి కాల్చి ఉంటారని 2017లో పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ పని చేసింది బహుశా ఇరుగుపొరుగువాళ్లే. ఆ రాత్రి కత్తి పట్టినవాడి వైపు నుంచి రాసి చూడండి.

అన్నిటికంటే నన్ను వణికించింది యార్క్‌షైర్‌లోని బైలాండ్ మఠం సన్యాసి ఒకరు 1400 ప్రాంతంలో పాత రాతప్రతి ఖాళీ పేజీల్లో రాసిన కథ. స్నోబాల్ అనే దర్జీ రాత్రిపూట గుర్రం మీద ఇంటికి వస్తుంటాడు. వాగులో బాతులు మునుగుతున్నట్టు చప్పుడు. తర్వాత ముఖం చుట్టూ ఒక బొంత కాకి, ఆ తర్వాత గొలుసుతో కుక్క. చివరికి దర్జీ దేవుడి పేరు మీద ఒట్టు పెట్టి అడిగితే గానీ, ఇన్ని రూపాల్లో కనబడ్డ ఆ దయ్యం మాట్లాడదు. నోరు తెరిస్తే లోపలి పేగులు కనిపిస్తాయి. మాట నాలుక మీంచి రాదు, ఆ పేగుల్లోంచి వస్తుంది. ఇంతా చేసి అది అడిగింది పాపక్షమాపణ, 180 పూజలు. రక్తం చుక్క లేకుండా ఇంత భయం పుట్టించడం మామూలు విషయం కాదు.

శవంతో ఒకటే ప్రమాదం: దాన్ని జాంబీని చేసేయడం. గుంపులుగా వచ్చి కొరికే శవాలు మళ్లీ ప్లేగు లాంటివే, వాటికి పేరుండదు, అడగాల్సింది ఉండదు. ఒకే శవం, ఒకే ఊరు, దాన్ని బతికుండగా ఎరిగిన మనుషులు చాలు.

అదే సన్యాసి రాసిన ఇంకో కథ ఉంది. జేమ్స్ టాంకర్లే అనే చనిపోయిన పాదిరి రాత్రిళ్లు కిర్బీ అనే ఊరి దాకా నడిచి వెళ్లి, తాను ఉంచుకున్న ఆవిడ కన్ను పోగొట్టాడు. మఠంవాళ్లు పెట్టెతో సహా శవాన్ని తవ్వి తీసి గోర్‌మైర్ చెరువులో పారేయించారు. ఆ పెట్టెను లాక్కెళ్లిన ఎద్దులు భయంతో నీళ్లలో మునిగిపోబోయాయని కూడా రాశాడు గానీ, ఆ ఆడమనిషి గురించి అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఎవరైనా తెలుగులో మధ్యయుగపు హారర్ మొదలుపెడితే, ఆవిడ కథతోనే మొదలుపెట్టాలని నా కోరిక.