సోలార్ కెమెరా, 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్: మూడేళ్ల వాడకం తర్వాత

గుంటూరు చుట్టుపక్కల రెండు, మూడు అంతస్తుల ఇళ్లు కట్టించే చిన్న కాంట్రాక్టరును. 2022లో ఒక సైటులో రాత్రికి రాత్రి 12 ఎంఎం చువ్వల కట్టలు రెండు మాయమయ్యాయి. 12 మీటర్ల చువ్వ ఒక్కటే పదిన్నర కిలోల పైన తూగుతుంది. ఇద్దరు మనుషులు, ఒక బండి లేనిదే ఆ సరుకు కదలదు. వాచ్‌మన్‌ను అడిగితే ‘నాకేమీ వినపడలేదండీ’ అన్నాడు. ఆ కోపంలో కొన్నదే ఈ కెమెరా. సిమ్ వేసుకుని ఫోర్ జీ మీద నడుస్తుంది, సోలార్ పలకతో ఛార్జి అవుతుంది. కరెంటు, వైఫై ఇంకా రాని ఖాళీ స్థలంలో ఇంతకంటే తేలికైన దారి నాకు కనిపించలేదు.

మొదట దాన్ని వాచ్‌మన్ గుడిసె మీద, చేతికి అందే ఎత్తులో పెట్టి తప్పు చేశాను. మెమరీ కార్డు కెమెరా లోపలే ఉంటుంది కాబట్టి, కెమెరాను ఊడబెరికితే సాక్ష్యం కూడా దొంగ సంచిలోకే పోతుంది. తర్వాత ఇనుప స్తంభం పాతించి పైకి ఎక్కించాను.

దీని లోపాలు కొన్న వారం రోజుల్లో బయటపడవు. బ్యాటరీ ఆదా కోసం ఇది ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది, మనిషి ఒంటి వేడిని పసిగట్టినప్పుడే లేస్తుంది. మా ఊరి మే నెలలో చీకటి పడ్డాక కూడా గాలి వేడి ఒంటి వేడికి దగ్గరగానే ఉంటుంది. అలాంటప్పుడు మనిషి బాగా దగ్గరికి వస్తే గాని దీనికి తెలియదు. చలికాలంలో గేటు దగ్గరి మనిషిని పట్టే కెమెరా, ఎండాకాలంలో ఇసుక కుప్ప దాటేదాకా మేలుకోలేదు. సాలీడు అద్దం మీదే గూడు కడుతుంది, రాత్రిపూట ఆ గూడు గాలికి ఊగితే కెమెరా వేసే కనపడని వెలుగు దాని మీద పడి తెరంతా తెల్లగా మెరుస్తుంది. సిమెంటు దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు, వారానికోసారి పలక తుడవకపోతే వానాకాలంలో ఛార్జి చాలదు.

మాట్లాడే సౌకర్యం ఉంది. ఒక రాత్రి రెండు గంటలకు హెచ్చరిక వస్తే ‘ఎవరది?’ అని ఫోనులో గట్టిగా అరిచాను. మా ఇంట్లో అందరూ లేచారు. సైటులోని గేదె మాత్రం కదలలేదు.

దొంగను పట్టించిందా అంటే, లేదు. ఒకసారి గోడ దూకిన ఇద్దరు కెమెరా లైటు వెలగగానే వెనక్కి దూకారు. ఆ తర్వాత ఇనుము పోలేదు. నాకు అది చాలు.

అది పట్టించింది మా మనిషినే. శ్లాబు వేసే రోజు కాంక్రీటును కుదించే వైబ్రేటర్ కేబుల్, శ్లాబును మోసే జాకీ కింద నలిగింది. తాత్కాలిక బోర్డులోని ఆర్‌సీసీబీ, అంటే కరెంటు నేలలోకి జారితే సరఫరా ఆపే ఆ 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్, పదే పదే పడిపోతోంది. కాంక్రీటు గట్టిపడిపోతుందని మేస్త్రి కేకలు. ఎలక్ట్రీషియన్ ఆ స్విచ్‌ను దాటవేసి తీగను నేరుగా కలిపేశాడు. రాత్రి వేరే పని మీద వీడియో తిప్పుతుంటే అది నా కంటపడింది. తడి శ్లాబు మీద చెప్పులు లేకుండా పది మంది నిలబడిన రోజది.

మామూలు ఎంసీబీ (లోడు మితిమీరితే పడిపోయే స్విచ్) ఉంది కదా అని అతని వాదన. 32 ఆంపియర్ల ఎంసీబీ వైర్లను కాపాడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో వెయ్యో వంతు పైచిలుకు కరెంటు చాలు, అంత చిన్నది దాని లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటునూ తిరిగొచ్చిన కరెంటునూ పోల్చి చూస్తుంది. కొంత కరెంటు మనిషి గుండా నేలలోకి జారి, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే రెప్పపాటులో ఆపేస్తుంది. అయితే ఒకే మనిషి కరెంటు తెచ్చే ఫేజునూ తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్‌నూ రెంటినీ పట్టుకుని, కాలి కింద పొడి చెక్క ఉంటే దానికి తేడా తెలియదు. కనుక అదీ దేవుడు కాదు.

2023 వానల్లో, తర్వాతి సైటులో, చువ్వలు కోసే మిషన్ మీద ఒక కుర్రాడు తడి చెయ్యి వేశాడు. బోర్డు టక్కుమని పడిపోయింది. అతను చెయ్యి విదిలించుకుని, జివ్వుమందని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. విప్పి చూస్తే మిషన్ లోపల వైరు పైతొడుగు చిట్లి ఉంది, ఎర్తు తీగ ఊడిపోయి ఉంది. ఎర్తు సరిగా ఉంటే అతను ముట్టుకోకముందే బోర్డు పడిపోయేది.

కెమెరాకు ఏడు వేల చిల్లర, నెల నెలా రీఛార్జి అదనం. స్విచ్‌కు రెండు వేలు. ఐదు మార్కులకు కెమెరాకు మూడున్నర ఇస్తాను. స్విచ్‌కు ఐదు, అదీ దాని మీది టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూసేవారికే. కరెంటు ఉండగా నొక్కినా పడలేదంటే అది చెడిపోయినట్టు.

కెమెరా కొనేవారికి ఇంకొక్క మాట. కూలీల కుటుంబాలు సైటులోనే రేకుల షెడ్లలో ఉంటాయి. నేను పెట్టిన కోణంలో ఆడవాళ్లు స్నానం చేసే తడక పడుతోందని మేస్త్రి భార్య వచ్చి చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ రోజే తిప్పించాను. ఇప్పుడు అది ఇనుము కుప్పనూ కరెంటు బోర్డునూ చూస్తుంది.

ఆ ఎలక్ట్రీషియన్ ఇప్పటికీ నా దగ్గరే పని చేస్తున్నాడు. బోర్డు పెట్టె తాళం మాత్రం నా జేబులో ఉంటుంది.